జీతం నుంచి విడుదల: దేనికోసం?



హైదరాబాదు, బెంగుళూరు కంపెనీల్లో పనిచేసే మన పిల్లల నోట ఈమధ్య ఒక మాట వినబడుతోంది. ''బాగా పొదుపు చేసి, పెట్టుబడి పెట్టి, నలభై ఐదేళ్లకల్లా ఉద్యోగం మానేయాలి.'' దీన్ని 'ఫైర్' అంటున్నారు. ఆర్థిక స్వాతంత్ర్యం, ముందస్తు విరమణ అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలవి. అమెరికాలో 1992లో వచ్చిన 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్' అనే పుస్తకం ఈ ఆలోచనకు ఊపిచ్చింది.

ఇది విని మన పెద్దలు, ''ఉద్యోగం రావడమే గగనమైతే, వచ్చినదాన్ని వదిలేస్తాడట!'' అంటున్నారు. కొందరు ఉపాసకులకు ఇంకో అనుమానం: డబ్బు కూడబెట్టడం తృష్ణే కదా, ధమ్మంలో ఉన్నవాళ్లకు తగునా? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒక్కొక్కటిగా చూద్దాం.

జీతం అనే మాట

మన తాతల కాలంలో 'జీతం ఉండడం' అంటే నెల జీతం కాదు. దొర దగ్గర అప్పు తెచ్చి, అది తీరేదాకా ఆయన పశువుల కాడ, పొలం కాడ చాకిరీ చేయడం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. జీతగాడికి కొలిచే గింజలు వడ్డీకే చాలవు. ఇక అసలు ఎప్పుడు తీరాలి? తండ్రి పోతే కొడుకు జీతానికి పోవాలి. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. అయినా వెట్టిచాకిరీ రద్దుకు 1976లో మళ్లీ ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

ఇది ఒట్టి పేదరికం కాదు. శక్తి ఉన్నా శూద్రుడు ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి పదో అధ్యాయం చెబుతుంది. శూద్రుడికే ఆ మాటైతే, ఊరి బయట ఉంచినవాళ్ల సంగతి వేరే చెప్పాలా? 1927 డిసెంబరు 25న మహద్‌లో బాబాసాహెబ్ ఆధ్వర్యంలో తగలబడింది ఆ పుస్తకమే.

కాబట్టి మన ఇంట్లో ఒక పాస్‌బుక్కులో ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బు ఉందంటే అది చిన్న సంగతి కాదు. పైఅధికారి కులం పేరుతో అవమానిస్తే, ''నీ ఉద్యోగం నువ్వే ఉంచుకో'' అనగలిగే ధైర్యం దాన్నుంచే వస్తుంది. ఆత్మగౌరవానికి కూడా బువ్వ కావాలి.

బుద్ధుడు ఏం చెప్పారు?

కోలియుల బిడ్డ దీఘజాణు బుద్ధుని దగ్గరకొచ్చి, ''మేం పెళ్లాం పిల్లలతో ఉన్న సంసారులం, మాకు పనికొచ్చే ధమ్మం చెప్పండి'' అని అడిగాడు. సంసారం వదలమని బుద్ధుడు చెప్పలేదు. కష్టపడి న్యాయంగా సంపాదించు, సంపాదించినదాన్ని కాపాడుకో, మంచివాళ్లతో స్నేహం చెయ్యి, రాబడీ ఖర్చూ తూకం వేసుకుని బతుకు అన్నారు. నాలుగు కాయలు తినడానికి మేడిచెట్టునంతా దులిపినట్టు ఖర్చు పెట్టొద్దు; ఉండి కూడా తినక దిక్కులేనివాడిలా చావొద్దు. ఇదీ ఆయన చెప్పిన మధ్యేమార్గం. మొదటిది క్రెడిట్ కార్డు బతుకు. రెండోది, ముందే రిటైరవ్వాలని పిల్లలకు పండ్లు కూడా కొనని బతుకు.

సిగాలుడికైతే లెక్కే చెప్పారు. సంపాదన నాలుగు భాగాలు: ఒకటి తిండీ బతుకూ, రెండు పనికీ వ్యాపారానికీ, నాలుగోది ఆపదకు దాచుకోవాలి. అనాథపిండికుడికి గృహస్థుడి నాలుగు సుఖాలు చెప్పారు: సంపద ఉందనే సుఖం, దాన్ని అనుభవించే సుఖం, అప్పు లేని సుఖం, నింద లేని సుఖం. మొదటి మూడూ కలిసినా నాలుగోదానిలో పదహారో వంతుకు రావన్నారు. అంటే డబ్బును తప్పు పట్టలేదు, డబ్బుకు దాని చోటు చూపించారు.

లెక్క ఎంతవరకు నిజం?

ఫైర్ లెక్క సులువుగానే ఉంటుంది. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెట్టాలి. మొదటి ఏడాది అందులోంచి 4 శాతం తీసుకోవాలి. తర్వాత ధరలు పెరిగినంత మేరకు ఆ మొత్తాన్ని పెంచుకుంటూ బతకాలి. విలియం బెంగెన్ అనే అమెరికన్ 1994లో తమ దేశపు మార్కెట్ల పాత లెక్కలు తీసి, ఇలాగైతే 30 ఏళ్లు గడుస్తుందన్నాడు. 45 ఏళ్లకే మానేసినవాళ్లు 40 ఏళ్లు గడపాల్సి రావచ్చు. పైగా మనది అమెరికా కాదు.

నెలకు 30 వేల ఖర్చుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు. దానికి 25 రెట్లు 90 లక్షలు. నెలకు 10 వేలు చొప్పున 20 ఏళ్లు పెట్టుబడి పెడితే, ఏడాదికి 10 శాతం పెరిగితే సుమారు 76 లక్షలవుతుంది. ఆ 10 శాతానికి హామీ ఇచ్చేవాళ్లెవరూ లేరు. ఈలోగా ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే 90 లక్షలు చేసే పనికి అప్పటికి రెండు కోట్ల 88 లక్షలు కావాలి. ఈ రెండో లెక్క ఎవరూ గట్టిగా చెప్పరు. అందుకే జీతం పెరిగినప్పుడల్లా పొదుపూ పెరగాలి.

మూడు జాగ్రత్తలు. నూటికి మూడు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని పది శాతం కోసం పెట్టుబడి పెట్టొద్దు, ముందు అప్పు తీర్చాలి. ఆరోగ్య బీమా లేకుండా ఉద్యోగం మానొద్దు. తొందరగా కోటి చేయాలని ఆప్షన్స్ ట్రేడింగులోకి దిగొద్దు. 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో ఆడిన మామూలు జనంలో 93 శాతం నష్టపోయారని సెబీ 2024లో లెక్క చెప్పింది. సంపద కారిపోయే రంధ్రాల్లో జూదం ఒకటని దీఘజాణుకు ఆనాడే చెప్పారు కదా.

ఎవరి ఖర్చు?

అసలు చిక్కు ఇక్కడుంది. ఈ లెక్క పుట్టిన చోట జీతం ఒక్కడిదే, ఖర్చూ ఒక్కడిదే. మన ఇళ్లల్లో ఒక్కరికి ఉద్యోగమొస్తే అమ్మ మందులు, తమ్ముడి ఫీజు, అక్క ఆపరేషను అన్నీ ఆ జీతం మీదే. ''ఇంటికి పంపడం ఆపితే అయిదేళ్లు ముందే మానేయొచ్చు'' అని లెక్క చెప్పేవాళ్లున్నారు. లెక్కగా అది తప్పు కాదు. కానీ ఆ జీతం ఎలా వచ్చిందో కూడా చూడాలి. అమ్మ కూలి, సాంఘిక సంక్షేమ హాస్టలు, స్కాలర్‌షిప్పు, రిజర్వేషను, వాటికోసం కొట్లాడిన జనం. ఇంతమంది వేసిన నిచ్చెన ఎక్కి, పైకి చేరాక లాగేసుకోవడం స్వాతంత్ర్యమా?

అలాగని ఉద్యోగస్థుడు కూడా ఇంటికి జీతగాడు కాకూడదు. పక్కవాళ్లకు చూపించడానికి అప్పు చేసి పెళ్లి చేస్తామంటే 'వద్దు' అనాలి. సిగాలుడికి బుద్ధుడు తల్లిదండ్రుల బాధ్యతలూ చెప్పారు, పిల్లల బాధ్యతలూ చెప్పారు. ఒకవైపే చెప్పలేదు.

దారి ఒక్కటే. ఇంటికి పంపేదాన్ని లెక్క బయట కాకుండా లెక్కలోనే పెట్టుకోవాలి. సొంత ఖర్చు 30 వేలు, ఇంటికి 8 వేలైతే మన నెల ఖర్చు 38 వేలు. 25 రెట్లు చేస్తే కోటీ 14 లక్షలు. ఇంకో నాలుగైదేళ్లు ఎక్కువ పని చేయాల్సి రావచ్చు. ఆ ఏళ్లు పోయినట్టు కాదు, తమ్ముడి చదువులో ఉంటాయి.

డబ్బు పనిచేస్తుందా?

''మనం నిద్రపోయినా మన డబ్బు పనిచేస్తుంది'' అంటారు. డబ్బు పనిచేయదు. ఎక్కడో ఒక మనిషి పనిచేస్తాడు. మన షేరు విలువ వెనక ఒక కాంట్రాక్టు కూలీ చెమట ఉంటుంది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం — ఈ ఐదు వ్యాపారాలు వద్దన్నారు బుద్ధుడు. నిఫ్టీ 50లో సిగరెట్లు తయారు చేసే ఐటీసీ కూడా ఉంది. ఇండెక్స్ ఫండు కొంటే అదీ కొన్నట్టే. చేతికి మట్టి అంటకుండా పెట్టుబడి పెట్టడం కష్టం. కానీ తెలుసుకుని, వీలైనంత ఏరుకోవడం మన చేతిలో ఉంది. ఇక సొంత వాడలోనే మూడు రూపాయల వడ్డీకి తిప్పి 'ఇన్‌కమ్' అనుకుంటే, మన తాతను జీతం పెట్టుకున్న దొర మనలోనే మళ్లీ పుట్టినట్టు.

మానేశాక?

విశ్రాంతిని తక్కువ చేయొద్దు. బాబాసాహెబ్ కార్మిక శాఖ చూసిన 1942-46 కాలంలోనే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించే సవరణ వచ్చింది. తీరిక లేని బతుకు పశువు బతుకని, మనిషి ఎదగడానికి తీరిక కావాలని ఆయన వాదించారు. అదే బాబాసాహెబ్, చదువుకున్నవాళ్లు తమ పొట్ట మాత్రమే చూసుకుంటున్నారని 1956 మార్చిలో ఆగ్రాలో బాధపడ్డారు. ఆ అక్టోబరులో నాగపూర్‌లో, సంపాదనలో ఇరవయ్యో వంతు ధమ్మానికి ఇవ్వమని అడిగారు.

మనం డబ్బులో ఇరవయ్యో వంతు గురించే ఆలోచిస్తాం. ముందుగా విడుదలైనవాళ్ల దగ్గర అంతకన్నా అరుదైనది ఉంటుంది: పగటి పూట. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడానికి, స్కాలర్‌షిప్పు ఆగినవాడితో ఆఫీసుకు పోవడానికి, పోలీసు స్టేషన్లో ఎఫ్ఐఆర్ రాసేదాకా కూర్చోవడానికి మన వాడల్లో పగలు ఖాళీగా ఉన్న చదువుకున్న మనిషి దొరకడు. ఉద్యోగం పోతుందన్న భయం లేని మనిషి అసలే దొరకడు.

కాబట్టి పొదుపు చేయండి, అప్పు తీర్చండి, వీలైతే ముందే విడుదల కండి. ఆ రోజు కోసం డబ్బు లెక్క రాసుకునే పుస్తకంలోనే, తర్వాత రోజు పొద్దున ఎవరి గుమ్మం ముందు నిలబడతారో కూడా ఇప్పుడే రాసి పెట్టుకోండి.

జై భీమ్. నమో బుద్ధాయ.