కొనుంటే, వెళ్ళుంటే, ఉండిపోయుంటే

అమెరికాలో అరవై దాటిన తెలుగువాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే మాట ఎక్కడ మొదలైనా ఏదో ఒక వేళకు హైదరాబాదు పక్కనున్న కోకాపేట చేరుతుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన రోజుల్లోనే ఆ చుట్టుపక్కల ఒక ఎకరం కొనుంటే! 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటాక ఈ నిట్టూర్పు మరీ బరువెక్కింది. మరి ఆనాడు మన చేతిలో ఏముంది? హెచ్‌1 వీసా మీద ఉద్యోగం, నెలనెలా ఇంటికి పంపాల్సిన డబ్బు, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు. 2001లో కంపెనీలు వరసగా మూతపడుతుంటే, ఉద్యోగంతోపాటు వీసా కూడా పోతుందేమోనని నిద్రపట్టని రాత్రులు. అవన్నీ పక్కన పెట్టి, నేటి ధరను మాత్రమే తలుచుకుని బాధపడుతున్నాం. జరగని జీవితంలో అప్పుల్లేవు, జబ్బుల్లేవు, ఎవరితో మాటపట్టింపుల్లేవు. దాని పక్కన ఏ నిజమైన జీవితాన్ని నిలబెట్టినా చిన్నదిగానే కనిపిస్తుంది.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో గిలోవిచ్, మెడ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లలో ఈ బాధ మీదే పరిశోధన చేశారు. చేసిన పొరపాటు అప్పటికప్పుడు ఎక్కువ మంట పెడుతుంది, చేయకుండా వదిలేసింది మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ ఎక్కువ తొలుస్తుందని వాళ్ళు గమనించారు. మనందరికీ అనుభవమే ఇది. చేసిన తప్పును దిద్దుకుంటాం, క్షమించమని అడుగుతాం, ఏదో ఒక సమాధానం చెప్పుకుంటాం. చేయని పనికి ఆ అవకాశమే ఉండదు.

నా దృష్టిలో పశ్చాత్తాపాలు రెండు రకాలు: అవతల మనిషి ఉన్నవి, లేనివి. భూమి, షేర్లు, వదులుకున్న పదవి రెండో రకం. ఎంత తవ్వుకున్నా వాటిలో దొరికేది లేదు. మొదటి రకానిదే అసలు బాధ. 2020 మార్చిలో కోవిడ్ వల్ల విమానాలు ఆగిపోయాయి. ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డు ఉన్నవాళ్ళకు కూడా దారి మూసుకుపోయింది. కన్నవాళ్ళ అంత్యక్రియలను వాట్సాప్ వీడియోలో చూసిన కొడుకులు, కూతుళ్ళు మన మధ్య ఎంతోమంది ఉన్నారు. అందులో వాళ్ళ దోషం ఏమీ లేదు. అయినా "అంతకుముందు వేసవిలోనైనా వెళ్ళుంటే" అనే మాట వాళ్ళను వదలడం లేదు.

మన పెద్దలు ఇలాంటి బాధకు ఒక దారి ఉంచారు. పుష్కరాల్లో పిండప్రదానం అమ్మానాన్నలతో ఆగదు. మేనత్త, మేనమామ, గురువు, స్నేహితుడు, అందరి పేరునా నీళ్ళు వదలవచ్చు. రుణపడ్డ ప్రతి మనిషినీ పేరుపెట్టి తలుచుకునే ఏర్పాటు అది. గోదావరికి 2015లో పుష్కరాలు జరిగాయి, మళ్ళీ 2027లో వస్తున్నాయి. నమ్మకం ఉన్నవాళ్ళు వెళ్ళాలి. లేనివాళ్ళు నాన్న చదువుకున్న బడికి ఒక గది కట్టించవచ్చు. కన్నపిల్లలకు తెలుగు నేర్పలేకపోయామని కుమిలిన కొందరు తల్లులు ఇక్కడ తెలుగు నేర్పే మనబడిలో చేరి, శని ఆదివారాలు పొరుగింటి పిల్లలకు గుణింతాలు దిద్దిస్తున్నారు. ఆ తల్లులంటే నాకు గొప్ప గౌరవం.

ఇక మనం లేనిచోట ఏదో జరిగిపోతోందన్న భయం. 2006 జనవరిలో హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ఓసీఐ పథకం మొదలయ్యాక రాకపోకలు సులువయ్యాయి, ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అనే బతుకు మొదలైంది. అది తప్పని అనను. కానీ అమెరికా ప్రభుత్వ వైద్య బీమా మెడికేర్ ఇండియాలో పనికిరాదు. గ్రీన్ కార్డు వాళ్ళు ముందస్తు అనుమతి లేకుండా ఏడాదికి మించి బయట ఉంటే చిక్కే. మోకాళ్ళూ సహకరించవు. ఇక్కడ మనవరాలు పియానో వాయిస్తుంటే ఫోన్‌లో గుంటూరు గృహప్రవేశం లైవ్ చూస్తూ కూర్చుంటే, ఆ పిల్లకూ మనం లేం, ఆ ఇంటివాళ్ళకూ లేం. వయసు పైబడి, మిగిలిన కాలం తక్కువని తెలిసేకొద్దీ మనుషులు పరిచయాలు తగ్గించుకుని, దగ్గరివాళ్ళతోనే ఎక్కువ తృప్తి పొందుతారని స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు లారా కార్‌స్టెన్‌సెన్ చాలా ఏళ్ళ పరిశోధనతో చెప్పారు. కాబట్టి ఈ ఏడు ఏ పెళ్ళికి వెళ్తామో, దేనికి వెళ్ళలేమో ముందే కూర్చుని తేల్చుకోండి. వెళ్ళలేమని వాళ్ళకు నోటితో చెప్పండి. నాలుగు రోజులు నిష్ఠూరమాడతారు, తర్వాత అర్థం చేసుకుంటారు.

2027 పుష్కరాలకు టికెట్లు తర్వాత చూద్దాం. అమ్మ తోబుట్టువుల్లో, నాన్న స్నేహితుల్లో, పాత మాటపట్టింపుతో దూరమైన అన్నదమ్ముల్లో ఇంకా బతికి ఉన్నవాళ్ళకు ఈ వారంలోనే ఫోన్ చేయండి. అడగాల్సిన క్షమాపణ ఉంటే అదీ అడిగేయండి.