మనల్ని మోసేవాళ్లు

శ్రీవైష్ణవుల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఈ వాదం కొత్త కాదు. భగవంతుడు జీవుణ్ణి ఎలా దరి చేరుస్తాడు? పిల్లి తన కూనను నోట కరుచుకుని పోయినట్టా? పిల్ల తల్లి పొట్టను గట్టిగా పట్టుకుంటే కోతి దాన్ని మోసుకుపోయినట్టా? మొదటిది మార్జాల కిశోర న్యాయం, రెండోది మర్కట కిశోర న్యాయం. తెంగలై వారు మొదటిదంటారు, వడగలై వారు రెండోదంటారు. మాది తెంగలై. జీవుడు చేయగలిగింది ఏమీ లేదు, ఆయన దయకు అడ్డుపడకుండా ఉంటే చాలని మా నాన్నగారు చెప్పేవారు. ఆ మాట నమ్ముతూనే పెరిగాను, ఇప్పటికీ నమ్ముతాను. అయితే నిరుడు వేసవిలో స్విట్జర్లాండులో గొట్‌హార్డ్ కొండను పోతూ రైల్లో, వస్తూ కారులో దాటాక ఆ మాటకు ఇంకో మాట కలపాలనిపించింది.

మా అమ్మాయి, అల్లుడు జ్యూరిక్‌లో ఉంటారు. దక్షిణాన ఇటాలియన్ మాట్లాడే తిచీనో ప్రాంతానికి అందరం కలిసి బయల్దేరాం. గొట్‌హార్డ్ కింద 2016లో తెరిచిన కొత్త సొరంగం పొడవు 57 కిలోమీటర్లు. ప్రపంచంలో అంతకంటే పొడవైన రైలు సొరంగం లేదు. అందులోంచి పోతే కాసేపట్లో కొండ అవతల తేలతాం గానీ దారంతా చీకటే. అందుకని అల్లుడు 1882 నాటి పాత కొండదారి రైలుకు టికెట్లు తీశాడు.

ఆ దారి చూసి తీరాలి. రైలు నిటారుగా ఎక్కలేదు కనుక కొండ లోపల గుండ్రంగా తొలిచిన సొరంగాల్లో చుట్లు తిరుగుతూ ఎత్తుకు చేరుతుంది. వాసెన్ అనే ఊళ్లో చిన్న తెల్లని చర్చి ఉంది. మొదటిసారి అది తలెత్తి చూస్తే గుట్ట మీద కనబడింది. చీకట్లోకి వెళ్లి బయటపడేసరికి కిటికీకి సమంగా నిలబడి ఉంది. మరో చుట్టు తిరిగాక కింద లోయలో ఉంది. "తాతయ్యా, చర్చి దిగిపోతోంది!" అన్నాడు మనవడు. వాడికి మేం ఎక్కుతున్నట్టు తెలియనే లేదు. రమణ మహర్షి 'నేనెవడను?'లో రైలు ప్రయాణికుణ్ణి గుర్తు చేస్తారు: ఎంత బరువైనా బండే మోస్తుందని తెలిసి కూడా మూటను నెత్తిన పెట్టుకుని అవస్థ పడటం దేనికని. మా పెట్టెలు అరలో ఉన్నాయి. మా ఆవిడ పులిహోర డబ్బా విప్పింది. ప్రపత్తి, శరణాగతి అంటే ఇంతే కదా అని నా మనసు నిండిపోయింది.

గోషెనెన్ దగ్గర రైలు పెద్ద సొరంగంలో దూరింది. 15 కిలోమీటర్లు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అవతలి కొసన అయిరోలో. అక్కడ దిగాం.

స్టేషను దగ్గరే కంచు ఫలకం ఒకటి ఉంది. చనిపోయిన తోటివాణ్ణి కర్రల పడక మీద మోసుకొస్తున్న సొరంగం కూలీలు. విన్‌చెంజో వేలా అనే శిల్పి, ఎవరూ అడక్కుండానే, సొరంగం పూర్తయిన రోజుల్లో దీన్ని మలిచాడు. చిన్నతనంలో రాతిగనుల్లో పని చేసినవాడాయన. కంచులో పోతపోసి ఇక్కడ నిలిపింది 1932లో. ఆ సొరంగం తవ్వుతూ దాదాపు 200 మంది పోయారు. ఎక్కువ మంది ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లు. పేలుళ్లలో కొందరు, రాళ్లు మీదపడి కొందరు, బండ్ల కింద నలిగి కొందరు. లోపలి ఉక్కకు, మురికికి కొంకిపురుగు పట్టి రక్తం తగ్గిపోయి, తరవాత ఇళ్లకు పోయి చచ్చిపోయినవాళ్లు ఆ లెక్కలో లేరు. 1875లో గోషెనెన్‌లో సమ్మె చేస్తే తుపాకులు పేల్చి నలుగుర్ని చంపారు. పని గుత్తకు తీసుకున్న లూయీ ఫావ్ర్ కూడా 1879లో ఆ సొరంగంలోనే గుండె ఆగి పోయాడు. మరుసటి ఏడు ఫిబ్రవరి 29న రెండు వైపుల తవ్వకాలూ కలిశాయి.

"వాళ్లు ఎవర్ని మోస్తున్నారు?" అని మనవడు అడిగాడు. సొరంగం తవ్వినాయన్ని, అన్నాను. నేను పులిహోర తింటూ దాటింది ఆయన తవ్విన చీకటినే.

నన్ను మోసింది భగవంతుడే, కాదనను. ఎవరి చేతులతో మోశాడన్నది నేను ఎన్నడూ వేసుకోని ప్రశ్న. గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం. దైవం ఐదోది. మనం మొదటి నాలుగూ దాటేసి నేరుగా ఐదోదానికి దణ్ణం పెట్టేస్తాం. వ్యాఖ్యాతలు ఈ ఐదింటినీ పని చేసే ఒక్క మనిషికే అన్వయిస్తారని నాకు తెలుసు. అయినా ఒకరి పని మరొకరిని మోస్తున్నప్పుడు ఆ కర్తలో ఆ ఇటాలియన్ కూలీ లేడని ఎలా అనగలం?

తిరుగు ప్రయాణం అద్దె కారులో. అల్లుడి చేతిలో స్టీరింగు, మనవడికి వెనక పిల్లల సీటు, వాడి పక్కన విష్ణు సహస్రనామం చదువుతూ మా ఆవిడ. అయిరోలో నుంచి ట్రెమోలా అనే పాత దారి పట్టాం. 24 హెయిర్‌పిన్ మలుపులు తిరుగుతూ 2,100 మీటర్ల ఎత్తు దాటిన కనుమకు చేరుతుంది. ఇది కఠోపనిషత్తు రథమే అనుకున్నాను. బుద్ధి సారథి, మనసు కళ్లెం, ఇంద్రియాలు గుర్రాలు. అల్లుడు మెలకువగా ఉన్నాడు గనుక మేం క్షేమంగా ఉన్నాం, వడగలై వారే గెలిచారు. అంతలో అల్లుడే, "మామయ్యా, ఈ రాళ్లు ఒక్కొక్కటీ చేత్తో పేర్చినవే," అన్నాడు. దిగి చూశాను. పిడికెడంత బూడిదరంగు రాళ్లు, కొండవాలు పొడవునా వరసకు వరస. ఉపనిషత్తులో రథానికి దారులు కూడా ఉన్నాయి, విషయాలే ఆ దారులంటుంది. అవి వేసినవాళ్ల ఊసు అక్కడ లేదు. అక్కడి విచారణ వేరు, అది లోపం కాదు. కానీ బతికేవాడు వాళ్లను తలుచుకోవాలి. కోతిపిల్ల ఎంత గట్టిగా పట్టుకున్నా కొమ్మ మీంచి కొమ్మకు దూకేది తల్లే. ఆ లెక్కన రెండు న్యాయాల్లోనూ మనం మోయబడేవాళ్లమే.

కనుమ దిగాక షొల్లెనెన్ లోయలో దయ్యం వంతెన వస్తుంది. అంత భయంకరమైన చోట మనిషి వంతెన కట్టలేడని, దయ్యమే కట్టి మొదట దాటే ప్రాణిని కోరిందని, ఊరివాళ్లు మేకను తోలారని కథ. కోపంతో దయ్యం తెచ్చిన రాయి అని చూపించే బండనైతే హైవే కోసం 1977లో 127 మీటర్లు పక్కకు జరిపారు. ఊరివాళ్లు వంతెన పనిని దయ్యానికి కట్టబెట్టారు, మనం దేవుడికి కట్టబెడతాం. ఎటు చూసినా తాపీ పట్టినవాడి పేరు పోయింది.

తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అని గీత మూడో అధ్యాయం తేల్చి చెబుతుంది. పంచయజ్ఞాల్లో మనుష్యయజ్ఞం ఉన్నది అందుకే. మోసినవాళ్ల ఋణం ఒప్పుకోని శరణాగతి సగమే అని నా నిశ్చయం. పుణ్యక్షేత్రాలకు పోయినా, పరదేశం పోయినా.

మాది నల్లగొండ. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ నేలకు కృష్ణ నీళ్లు తేవాలని శ్రీశైలం ఎడమగట్టు కాలువకు 40 కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వుతున్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర దాని పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్ము కశ్మీర్, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు. మన పొలాలు తడవాలని వచ్చి పోయారు. నీళ్లు పారే రోజున కాలువ మొదట్లో ఆ ఎనిమిది మంది పేర్లూ రాతి మీద చెక్కించాలి. జిల్లావాళ్లం మనమే అడగాలి, ఇప్పుడే అడగాలి.