మరల వచ్చునప్పుడు

ధ్యాన భాగములు: లూకా 10:25–37; అపొస్తలుల కార్యములు 11:27–30



వరద వచ్చినప్పుడు మన హృదయములు కరగును. వరద తీసినప్పుడు మన జ్ఞాపకము కూడ దానితో తీసిపోవును. ఈ సంగతి మేము 2024వ సంవత్సరము సెప్టెంబరు మాసములో మాయందే చూచుకొంటిమి. అందులో మా తప్పును దాచక చెప్పి, దేవుని వాక్యము మాకు నేర్పిన పాఠమును మీతో పంచుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ సంవత్సరము ఆగస్టు నెలాఖరున కురిసిన వర్షములు మీకు జ్ఞాపకమే. బుడమేరు కట్టకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ మొదలైన పేటలు మునిగెను. సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారెను. అటు ఖమ్మములో మున్నేరు పొంగి ఒడ్డుననున్న కాలనీలను ముంచెను. మేడలపై చిక్కుకొన్నవారికి పడవలమీదను, హెలికాప్టర్లలోను, డ్రోన్లతోను సయితము ఆహారము అందింపవలసి వచ్చెను.

ఆ వార్త విని మేమును కదిలితిమి. ఆదివారము ఆరాధనలో ప్రకటన చేసితిమి. స్త్రీల సమాజమువారు తెల్లవారుజామున లేచి పులిహోర పొట్లములు కట్టిరి. ఇంటింటను పాత బట్టలు పోగుచేసి మూటలు కట్టితిమి. యౌవనస్థులు వ్యాను మాటలాడిరి. ప్రార్థన చేసికొని బయలుదేరితిమి. అయితే ఎక్కడికి పోవలెనో, అక్కడివారికి ఏమి కావలెనో మాలో ఒక్కరును ముందుగా అడుగలేదు. దారిలో బండ్లు నిలిచిపోయి చేరునప్పటికి సాయంకాలమాయెను. పొట్లములలో సగము పాచిపోయెను. నీరు అప్పటికే తీసియుండెను. అదే వీధిలో మాకంటె ముందు వచ్చినవారు దింపిన బట్టల మూటలు బురదలో పడి తడిసియుండెను. మా మూటలును వాటి ప్రక్కననే దింపితిమి.

ఒక ఇంటి గడపమీద కూర్చున్న పెద్దావిడ మమ్మును చూచి, “బట్టలు వద్దు నాయనా. మోకాలి లోతున బురద ఉంది ఇంట్లో. ఎత్తి పోసుకోవడానికి ఒక పార, ఒక బకెట్టు ఉంటే ఇప్పించండి” అనెను. మా యొద్ద అవి లేవు. “మళ్లీ వచ్చేటప్పుడు తప్పకుండా తెస్తామమ్మా” అని చెప్పి వచ్చితిమి.

మేము మరల వెళ్లలేదు.

వెళ్లకూడదని కాదు. వచ్చే వారము అనుకొంటిమి. అటుతరువాత పొలము పనులు, పెండ్లిండ్లు, కోత పండుగ. డిసెంబరులో మాలో ఇద్దరు వేరొక పనిమీద ఆ పట్టణమునకు పోయి, మనస్సాక్షి గద్దింపగా ఆ వీధి వెదకుకొని వెళ్లిరి. ఆ తల్లి వారిని గుర్తుపట్టి లోపలికి పిలిచి టీ ఇచ్చెను. ఒక్క మాటయైనను నిందింపలేదు. ఇంటి బురద ఎట్లు తీసితిరని అడుగగా, పక్కింటి సాయిబుగారు తన ఇంటి పని ఆపి, తన పార పట్టుకొని వచ్చి, ఇద్దరు కొడుకులతో రెండు దినములు ఎత్తిపోసెనని చెప్పెను. మేము ఆ టీ త్రాగి తలవంచుకొని వచ్చితిమి. ఆ ఆదివారము సంఘములో లూకా పదియవ అధ్యాయము చదువబడినప్పుడు, ఆ కథలో మేము యాజకుని పక్షమున నిలిచియున్నామని మాకు తెలిసెను.

ప్రియులారా, ఆ సమరయుడు చేసిన పనిని మెల్లగా చదువుడి. అతడు మొదట దగ్గరకు వెళ్లి చూచెను. ఏమి కావలెనో దూరమునుండి ఊహింపలేదు. గాయములున్నవి గనుక నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. నడువలేడు గనుక తన వాహనముమీద ఎక్కించెను. తాను నడిచెననుట మనకు తెలియుచునేయున్నది. పూటకూళ్లవాని యింటికి చేర్చి తానే చూచుకొనెను. మరునాడు రెండు దేనారములు ఇచ్చెను. మత్తయి 20వ అధ్యాయము ప్రకారము దేనారమనగా ఒక దినపు కూలి. అంతటితో విడువక, ఇంకను ఖర్చైన యెడల తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని మాట యిచ్చెను. సహాయమంతయు ఈ కథలో ఉన్నది: చూచుట, కావలసినది ఇచ్చుట, తాను శ్రమపడుట, మరల వచ్చుట. మేము మొదటిది చేయలేదు. కడపటిది అసలే చేయలేదు.

ఇక ఇప్పుడు మనము ఏమి చేయవలెను? వానకాలము ప్రతి యేట వచ్చును. గోదావరి, కృష్ణ, మున్నేరు, బుడమేరు మన జిల్లాలలోనే యున్నవి. గనుక మేము నేర్చుకొన్నవాటిని వరుసగా చెప్పుచున్నాము.

మొదట, అడిగి వెళ్లుడి. ఆ ఊరి సంఘ కాపరినిగాని, సర్పంచునుగాని, పాఠశాల ఉపాధ్యాయులనుగాని, ఆశా కార్యకర్తనుగాని ఫోనులో అడుగుడి: ఎన్ని కుటుంబములు, ఏమి కొరత, ఏ దారి తెరచియున్నది? అంతియొకయ సంఘమువారు యూదయలోని సహోదరులకు సహాయము పంపినప్పుడు దానిని అక్కడి పెద్దలకు అప్పగించిరి. ఎవరి ఇంట పొయ్యి వెలుగలేదో ఎరిగినవారు వారే గదా. నీరు పారుచున్నప్పుడు మాత్రము మీరు దిగవద్దు. ఈత వచ్చునను ధైర్యముతో దిగి ప్రాణము పోగొట్టుకొనుట సేవ కాదు. రక్షించు పని శిక్షణ పొందిన దళములది. 112కు ఫోను చేసి మనుష్యులు చిక్కుకొన్న చోటు సరిగా చెప్పుటయే అప్పటి మన సేవ.

రెండవది, చేతులతో సేవ చేయుడి. నీరు తీసిన తరువాత పది మంది యౌవనస్థులు పారలు, గమేళాలు, చీపుర్లు పట్టుకొని రెండు దినములు పని చేసినచో, పది మూటల బట్టలకంటె అది మేలు. కాళ్లకు బూట్లు, చేతులకు తొడుగులు ఉండవలెను. బురదలో గాజు పెంకులుండును, మూలలలో పాములు చేరును. తడిసిన ఇంటిలో మెయిను ఆపినదో లేదో చూడక స్విచ్చి ముట్టరాదు. బావినీటిని శుద్ధిచేయుటకు ఎంత బ్లీచింగ్ పొడి వేయవలెనో ఆరోగ్య సిబ్బందిని అడిగి వేయుడి. అంతవరకు త్రాగు నీరు కాచుకొనవలెనని ఇంటింటను చెప్పుడి. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు, ప్యాకెట్టు దొరకని చోట, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు చెంచా అంచుకు సమముగా కొలిచి కలిపి త్రాగించి, వెంటనే వైద్యుని యొద్దకు పంపుడి. బరువు ఎత్తలేని పెద్దలకును పని కలదు. ఆధారు కార్డు, రేషను కార్డు, పట్టాదారు పుస్తకము తడిసిపోయినవారు అనేకులుందురు. చదువు వచ్చినవారు వారి ప్రక్కన కూర్చుండి నష్టపరిహారపు దరఖాస్తు వ్రాసిపెట్టుడి. చదువురాని విధవరాలి పేరు జాబితాలో చేరునట్లు చూచుట గొప్ప పరిచర్య.

మూడవది, కావలసినదే ఇయ్యుడి. బకెట్లు, మగ్గులు, సబ్బు, చాపలు, దుప్పట్లు, దోమతెరలు, వంటపాత్రలు, టార్చిలైట్లు, పశువులకు ఎండుగడ్డి. స్త్రీలకు నెలనెలా కావలసిన ప్యాడ్ల సంగతి పురుషులు చెప్పుటకు సిగ్గుపడుదురు గనుక స్త్రీల సమాజమువారే చూచుకొనవలెను. బట్టలు ఇయ్యదలచినచో, మీ బిడ్డకు పండుగనాడు తొడుగుదురా అని మిమ్మును మీరే అడుగుకొనుడి. తొడుగమని మనస్సు చెప్పినచో వాటిని మూట కట్టవద్దు. మనకు పనికిరానిది దేవునికి కానుక కాదని మలాకీ ప్రవక్త గ్రంథము మొదటి అధ్యాయమే మనకు బోధించుచున్నది.

నాలుగవది, రూకలు ఇచ్చుటకు సంకోచింపకుడి. అయితే లెక్కతో ఇయ్యుడి. రూకలతో అక్కడి అంగడిలోనే సరకు కొన్నచో, మునిగిన అంగడివాడును మరల నిలబడును. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన రెండవ పత్రిక ఎనిమిదవ అధ్యాయము చదివితిమి. కానుకను తీసికొనిపోవుటకు అతడు తానొక్కడే పోక, సంఘములచేత ఏర్పరచబడిన సహోదరుని తోడు చేర్చుకొనెను. దేవుని యెదుటనే గాక మనుష్యుల యెదుటను నిందకు చోటుండకూడదని అతని జాగ్రత్త. అపొస్తలునికే అది అవసరమైనచో మనకెంత! ఇద్దరు లెక్కింపవలెను, రసీదు వ్రాయవలెను, వచ్చినదియు పోయినదియు ఆరాధనలో చదివి వినిపింపవలెను. సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి క్యూఆర్ గుర్తుకును డబ్బు పంపవద్దు. విపత్తు సమయమున మోసగాండ్రును లేతురు. ముఖ్యమంత్రి సహాయనిధికిగాని, డయోసిసు సహాయ సంఘమునకుగాని, 1947లో దేశ విభజన కాలమున నిరాశ్రయుల కొరకు మొదలైన కాసా వంటి సంస్థకుగాని పంపునప్పుడు ఖాతా పేరు సరిచూచుకొని పంపుడి.

అయిదవది, ఎవరికి ఇయ్యవలెను? మన పేటలలో అనేకము ఊరికి దూరముగా పల్లపు నేలలోనున్నవి. నీరు మొదట వచ్చునది అక్కడికే, సహాయపు లారీ కడపట వచ్చునదియు అక్కడికే. ఆ బాధ మనము ఎరుగుదుము. ఎరిగినవారము గనుకనే, మనము పంచునప్పుడు మరియొకరిని కడపట నిలువబెట్టరాదు. మన సంఘస్థుడా, కాడా అని చూడవద్దు. బియ్యము ఇచ్చుటకు ముందు ప్రార్థనకు రమ్మని షరతు పెట్టవద్దు. సమరయుడు ఆ గాయపడినవానిని ఏ మతపు ప్రశ్నయు అడుగలేదు. తీసికొనువాని ముఖమును ఫొటో తీసి ఊరంతటికి చూపవద్దు. కుడి చేతి సంగతి ఎడమ చేతికి తెలియనియ్యవద్దన్న ప్రభువు బోధ సెల్‌ఫోనుకును వర్తించును.

ఆరవది, మరల వెళ్లుడి. దీనినే మేము విడిచితిమి గనుక దీనినే మరి గట్టిగా చెప్పుచున్నాము. మొదటి వారము వందమంది వత్తురు. రెండవ నెలలో ఎవరును రారు. అప్పుడే విత్తనములకు అప్పు పుట్టదు, పిల్లవానికి పుస్తకములుండవు, తడిసిన గోడ కూలును. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రాణములు తీసినప్పుడు, అక్కడి ఊళ్లు ఒక వారపు అన్నపు పొట్లములతో లేవలేదు; ఇండ్లు కట్టుటకును, తుపాను ఆశ్రయ భవనములు లేచుటకును సంవత్సరములు పట్టెను. గనుక పది ఊళ్లకు ఒకసారి పోవుటకంటె, ఒక్క వీధిని ఏర్పరచుకొని, ఏడాదిలో నాలుగు సారులు పోవుట మేలు. “మళ్లీ వస్తాము” అని పలికినచో, ఆ తేదీని సంఘపు పుస్తకములో వ్రాసికొనుడి.

ఇదంతయు పేద సంఘములకు సాధ్యమా యని మీరు అడుగవచ్చును. మాసిదోనియ సంఘములు నిరుపేదలై యుండియు ఇచ్చినవని పౌలు సాక్ష్యమిచ్చెను. అంతియొకయవారు కరవు రాబోవుచున్నదని అగబు చెప్పగా వినినప్పుడే, ఎవరి శక్తి కొలది వారు ఇచ్చుటకు నిశ్చయించుకొనిరి. మన తల్లులకు పిడికెడు బియ్యపు కానుక అలవాటే. అన్నము వండునప్పుడు దేవుని కొరకు తీసిన ఆ పిడికెడులో, నెలకు ఒక వారపు భాగము వరదల నిధికి ప్రత్యేకింపుడి. దేవాలయపు గదిలో ఆరు పారలు, పన్నెండు బకెట్లు, ఒక పెద్ద తాడు ఎప్పుడును సిద్ధముగా ఉంచుడి. మా సంఘము ఇప్పుడు అట్లు ఉంచుచున్నది. ఆ పారలను చూచినప్పుడెల్ల ఆ గడపమీది తల్లి మాకు జ్ఞాపకము వచ్చుచున్నది.

ఆమెకు మేము ఇచ్చిన మాట తప్పిపోయినది. దానిని ఇప్పుడు తిరిగి తెచ్చుకొనలేము. అయినను తప్పిన మాటను ఒప్పుకొన్నవారికి ప్రభువు మరియొక పొరుగువానిని చూపును.

ప్రార్థన: ప్రభువా, నీవు మమ్మును చూచి వెళ్లిపోక, దగ్గరకు వచ్చి మా గాయములు కట్టితివి. మరల వచ్చెదనని మాట యిచ్చితివి. నీ మాట తప్పదు. మేము పొరుగువారికిచ్చిన మాటయు తప్పకుండునట్లు మాకు సహాయము చేయుము. నీరు ముంచిన ప్రతి యింటిలో మరల దీపము వెలుగునట్లు దయచేయుము. ఆమేన్.