కాలువకు ఈవల, కాలువకు ఆవల

ఇరుగు పొరుగుల కలిమిలేములను పోల్చి చూచుట మానవ స్వభావము. ఒక వీధిలో రెండిండ్లు, ఒక జిల్లాలో రెండూళ్ళు, ఒక ఖండములో రెండు దేశములు ప్రక్కప్రక్కన నుండి, ఒకటి పచ్చగాను మరియొకటి వెలవెలపోవుచును కనబడినప్పుడు, చూచువాని నోట ఏదో యొక తీర్పు వెలువడక మానదు. "వారు కష్టపడిరి, వీరు సోమరులైరి" అని కొందరందురు. "ఎవరి ప్రాప్తము వారిది" అని మరికొందరందురు. మొదటి మాట కలవానికి గర్వమును, రెండవ మాట వానికే నిశ్చింతను కలిగించును. లేనివానికి మాత్రము ఈ రెండింటివలనను ఒరిగెడిది లేదు. ఈ తీర్పులు న్యాయమైనవేనా, కలవాడు లేనివానికి ఏమైనను ఋణపడి యున్నాడా అని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము. ఇందులకు దూరపు ఉదాహరణములతో ఆరంభింప నక్కరలేదు. మన వాడిపట్టియు, దానికి పొరుగున నున్న ఉసిలంపట్టియు చాలును.

ఈ రెండును మధుర జిల్లాలోని తాలూకాలే. నడుమ వైగై నదియు, నాగమల కొండలును కలవు. వాన రెండు చోట్లను ఇంచుమించు ఒక్కటే. అయినను వాడిపట్టి ప్రక్క వరి మళ్ళు, కొబ్బరి తోపులు, అరటి తోటలు కన్నులకు చలువ చేయును. సోళవందాను తమలపాకు 2023లో భౌగోళిక గుర్తింపు పొందినంతటి ప్రసిద్ధి గలది. ఉసిలంపట్టి ప్రక్క అధిక భాగము ఆకాశమును నమ్ముకొన్న మెట్ట సేద్యము. జొన్న, సజ్జ, ప్రత్తి వేసి, మేఘము కొరకు మెడ నెత్తి చూచు కాపులు అచ్చట ఎందరో. బావి త్రవ్వినను నీరు ఎంత లోతున పడునో, అసలు పడునో పడదో చెప్పలేరు. తిరువళ్ళువరు దైవస్తుతి ముగియగానే రెండవ అధికారమున వాననే ఏల కీర్తించెనో ఆ మెట్ట కాపు నడిగిన చెప్పగలడు.

ఈ భేదము పుట్టుకతో వచ్చినది కాదు. దీనికి తేదీ కలదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ధాత కరువు దహించినప్పుడు ఈ సీమయంతయు ఒక్క రీతిగానే అల్లాడెను. పడమటి కనుమలలో పుట్టి అరేబియా సముద్రమున కలియు పెరియారు నీటిని తూర్పునకు మళ్ళింపవలెనను ఆలోచన అంతకు చాల ముందే, రామనాథపురము ప్రధాని ముత్తిరుళప్ప పిళ్ళై కాలముననే, పుట్టినది. అది కార్యరూపము దాల్చినది మాత్రము కరువు తరువాతనే. 1886 అక్టోబరు 29వ తేదీన తిరువాంకూరు మహారాజునకును ఆంగ్ల ప్రభుత్వమునకును 999 ఏండ్ల కౌలు ఒడంబడిక జరిగెను. ఎనిమిది వేల యెకరములకు ఎకరమునకు ఐదు రూపాయల చొప్పున కౌలు. 1887లో జాన్ పెన్నీక్విక్ దొర ఆధ్వర్యమున పని మొదలై, 1895లో ఆనకట్ట పూర్తియయ్యెను. సున్నము, సుర్కీ, రాళ్ళు మోసిన కూలీలలో ఎందరో అడవి జ్వరములకు ప్రాణములిచ్చిరి. కొండను మైలుకు పైగా తొలిచి సొరంగము చేసి, నీటిని కంబము లోయలోనికి దింపి, సురుళి యేటి మీదుగా వైగైలో కలిపిరి. ఆ నీరు పేరణై వద్ద కాలువకు మళ్ళి, వాడిపట్టి మీదుగా మేలూరు వరకు పోవుచున్నది.

ఇక నిదానముగా ఆలోచింతము. ఆ కాలువ గీత గీసినప్పుడు, భూమి వాలును, కొండల ఎత్తును చూచి గీసిరే గాని, ఏ యూరివారు శ్రమజీవులో, ఏ యూరివారు ధర్మాత్ములో విచారించి గీయలేదు. నీరు పల్లమెరుగునని మన పెద్దలు ఊరకనే అనలేదు. పల్లమున నున్నవానికి నీరు వచ్చెను, మెట్టన నున్నవానికి రాలేదు. కాలువ క్రిందనైనను అందరి భాగ్యము ఒక్కటి కాదు. పైనుండి కళ్ళందిరి వరకు రెండు పంటలు, ఆ దిగువ మేలూరు ప్రక్క ఒక్క పంట. కాలువ కొస నున్నవానికి ఆ ఒక్కటియు అనుమానమే. ఒకే నీరు, ఒకే జిల్లా, ఒకే ప్రభుత్వము. అయినను మూడంతస్తుల బ్రతుకు.

ఇచ్చట మన తెలుగువారి కథ మంచి సాక్ష్యము. విజయనగర, నాయక రాజుల కాలమున మన పూర్వులు ఈ దేశమునకు వచ్చునప్పటికి ఏటి యొడ్డు మంచి భూములు ఇదివరకే సాగులో నుండెను. అందుచేత మనవారిలో పెక్కుమంది నల్లరేగడి మెట్టలను దున్నుకొని స్థిరపడిరి. వారి సంతతిలో కొందరు 1895 తరువాత కాలువ క్రిందికి వచ్చిరి. మరి కొందరు తిరుమంగలము, కోవిల్‌పట్టి ప్రాంతముల కరిసల్ నేలలలోనే నిలిచిరి. భాష ఒక్కటే, ఇంటిపేర్లు ఒక్కటే, ఇలవేల్పులు ఒక్కరే, చేతి చలువ ఒక్కటే. కాని ఒకని గాదె నిండెను, మరియొకని గాదె ఏటేట వాననుబట్టి నిండుచు, ఎండుచు వచ్చెను. శ్రమయే సంపదకు మూలమైనచో, ఒకే వంశమున ఇట్లు జరుగ నేల?

"నీరున్నంత మాత్రమున పండునా? చెమట యోడ్చవలదా?" అని మాగాణి రైతు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. చెమట లేనిది గింజ లేదు. కాని మెట్ట రైతు ఓడ్చు చెమట తక్కువది కాదు. అతని చెమటకు ఫలము వచ్చుటకు తోడు కావలసినది మరియొకటి కలదు. కోయముత్తూరు చరిత్ర దీనిని స్పష్టపరచును. అదియు మెట్ట సీమయే. అచ్చటి మన కమ్మవారు బావులు త్రవ్విరి, కంబోడియా ప్రత్తి పండించిరి, మిల్లులు పెట్టిరి. 1910లో కుప్పుస్వామి నాయుడుగారు లక్ష్మీ మిల్లును స్థాపించిరి. 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ వెలసెను. జి.డి. నాయుడుగారి యంత్ర ప్రతిభ జగద్విదితము. ఇది వారి బుద్ధిబలము, బాహుబలము అనుటకు సందేహము లేదు. అయినను 1932లో నీలగిరులనుండి పైకారా విద్యుత్తు దిగివచ్చిన తరువాతనే గదా బావులకు పంపులు, మిల్లులకు వేగము వచ్చినది? పైకారా జలపాతమును నాయుడుగార్లు సృష్టింపలేదు. శ్రమ ఒక చేయి, లభించిన వరము రెండవ చేయి. చప్పట్లు మ్రోగినప్పుడు ఒక్క చేతినే పొగడుట మన వాడుక.

ఉసిలంపట్టి ప్రాంతమునకు వరము దక్కకపోవుటయే గాక, శాపము కూడ తగిలెను. అచ్చటి పిరమలై కళ్ళరులను ఆంగ్ల ప్రభుత్వము నేరజాతుల చట్టము క్రిందికి తెచ్చి, పుట్టిన ప్రతి పురుషుని దొంగగా నెంచి వ్రేలిముద్రలు తీయించెను. దానిని ఎదిరించినందుకు 1920 ఏప్రిల్ 3వ తేదీన పెరుంగామనల్లూరులో కాల్పులు జరిగి పదునార్గురు మరణించిరి. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆ చట్టమును రద్దు చేసెను గాని, ఒక తరము వారిని ఊరు దాటనీయక, రాత్రులు ఠాణాలో పడుకొనజేసిన తరువాత, ఆ తరము తన బిడ్డల కేమి ఆస్తి మిగుల్చును? ఈ సంగతి తెలియక "వారి బుద్ధి అంతే" యనువారు, గాయమును చూచి రోగి స్వభావమని పొరబడువారు.

1986లో ఆడశిశువుల హత్యలనుగూర్చి పత్రికలలో వార్తలు వచ్చినప్పుడు ఉసిలంపట్టి పేరు దేశమంతట మారుమ్రోగెను. ఆ పాపము పాపమే, దానిని బీదరికము పేరిట క్షమింపరాదు. కాని ఆ పాపమునకు కారణమైన వరకట్నము మెట్ట భూములలోనే మొలవలేదు. అది నీరున్న చోటనే ఎక్కువ ఏపుగా పెరిగెడి పైరు. కలవాడు తన కుమార్తెకు ఇచ్చిన నగలు ఆ పెండ్లిపందిరిలోనే ఆగవు. పొరుగు తాలూకాలో లేనివాని ఇంట ఆడపిల్ల పుట్టినప్పుడు అవే లెక్కకు వచ్చును. కావున జీవన స్థితి యనగా గాదెలోని ధాన్యము మాత్రమే కాదు. పుట్టిన ఆడశిశువునకు బ్రతుకుమీద భరోసా కలదా అనునదియు అందులోని దే.

దేశముల విషయమునను ఇదే న్యాయము. ఆఫ్రికా ఖండమున జాంబియా, బోట్స్వానా అను రెండు పొరుగు దేశములు కలవు. జాంబెజీ నది రెండింటిని కజుంగులా వద్ద వేరు చేయుచున్నది. అచ్చట 2021లో వంతెన వేసిరి. జాంబియా 1964లోను, బోట్స్వానా 1966లోను స్వతంత్రములైనవి. ఆనాడు జాంబియాకు రాగి గనులు గలవు. బోట్స్వానా పశువుల మీద బ్రతుకు ఎడారి దేశము, లోకములోని మిక్కిలి బీద దేశములలో నొకటి. 1967లో ఒరాపా వద్ద వజ్రములు బయటపడెను. అదే కాలమున, డెబ్బదులలో, రాగి ధర పడిపోయి జాంబియా అప్పులలో చిక్కెను. నేడు సగటు ఆదాయమున బోట్స్వానా జాంబియాకంటె అనేక రెట్లు హెచ్చుగా నున్నది.

ఇది కేవలము వజ్రముల మహిమయేనా? కాదు. వజ్రములు దొరికి చెడిన దేశములు ఆ ఖండముననే కలవు. ఒరాపా గని ఉన్న నేల బమాంగ్వాటో తెగవారిది. మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా ఆ తెగ నాయకత్వమునకు వారసుడుగా పుట్టినవాడు. అట్టివాడే భూగర్భ సంపదయంతయు తెగలది కాదు, దేశమందరిదని చట్టము చేయించెను. "మా నేల, మా వజ్రము" అని యుండినచో తెగలు తన్నుకొని యుండెడివి. దొరికిన వరము నొక తెగ సొమ్ముగా గాక ఉమ్మడి సొమ్ముగా నెంచుటయే ఆతని గొప్పతనము. అయినను ఆ దేశమును స్వర్గమనరాదు. ధనికులకును దరిద్రులకును నడుమ అంతరము ప్రపంచమున మిక్కిలి హెచ్చుగా నున్న దేశములలో అదియు నొకటి. ఎయిడ్స్ వ్యాధి ప్రబలినప్పుడు అచ్చటి ఆయుర్దాయము ఘోరముగా పడిపోయెను. 2002 మొదలు ప్రభుత్వము ఉచితముగా మందు లిచ్చుటచేత మరల కోలుకొన్నది. వజ్రముల గిరాకీ తగ్గిన ఈ ఇటీవలి యేండ్లలో ఆ ఖజానాకును చిక్కులు వచ్చినవి. కలిమిలేములు కావడి కుండలనుట వారికిని వర్తించును.

మన కాలువకు తిరిగి వత్తము. మన కలిమికి మూడవ పొరుగువాడు కూడ కలడు. ఆనకట్ట దిగువన, కనుమలకు పడమర, కేరళ రాష్ట్రమున నివసించువారు నూరేండ్లు దాటిన ఆ కట్టడమును తలచుకొని భయపడుచుందురు. 1979లో నీటిమట్టమును 136 అడుగులకు తగ్గించిరి. 2014లో సుప్రీంకోర్టు 142 అడుగులవరకు అనుమతించి, కట్ట క్షేమమేనని చెప్పెను. ఆ తీర్పు మనకు అనుకూలము, మన రైతులకు అది ప్రాణాధారము. అయినను రాత్రి వాన పడినప్పుడు నిద్రపట్టని తల్లిని "కోర్టు చెప్పినది గదా" అని గద్దించుట ధర్మము కాదు. మన అన్నము ఇంకొకరి భయముతో ముడిపడి యున్నదని ఎరిగి, మృదువుగా మాటలాడుట మన కనీస కర్తవ్యము.

మేము జీవితమంతయు పద్దులు వ్రాసినవారము. జమ ఎవరి పేర వచ్చినదో వ్రాయని పుస్తకమును ఏ అధికారియు అంగీకరింపడు. మన కలిమి పద్దులో జమ ప్రక్కన పెరియారు, పెన్నీక్విక్, జ్వరములకు చచ్చిన కూలీలు, తిరువాంకూరు నేల, మన తాతల చెమట, మన చెమట, అన్నియు వ్రాయవలెను. అట్లు వ్రాసినప్పుడు, పూర్తిగా మనది అనదగిన మొత్తము మన మనుకొన్నదానికంటె చిన్నది. మిగిలినది ఋణము. దేవఋణ, ఋషిఋణ, పితృఋణములతో పాటు మనుష్యఋణమును గూడ శతపథ బ్రాహ్మణము చెప్పినది. ఆ నాలుగవ దానిని మనము సులభముగా మరచితిమి.

ఈ ఋణము తీర్చుట యెట్లు? మాగాణి రైతు తన పొలమును పంచిపెట్టవలెనని మేము అనము. అతనికిని అప్పులు కలవు, అతని బిడ్డలును చదువవలెను. నూరేండ్లుగా ఒక నీటిని నమ్మి కట్టుకొన్న బ్రతుకును ఒక్కనాట కూల్చుటయు అన్యాయమే. కాని శ్రమతో వచ్చినదానికి మనము యజమానులము, వరముగా వచ్చినదానికి ధర్మకర్తలము అను భేదము తెలియవలెను. ధర్మకర్త వృథా చేయరాదు, ఇతరులకు అడ్డు పడరాదు. 1959లో తెరచిన వైగై ఆనకట్టనుండి ఉసిలంపట్టి ప్రాంతపు చెరువులకు నీరిచ్చుటకై 58 గ్రామముల కాలువ త్రవ్విరి. ఆనకట్ట దాదాపు నిండిననే గాని ఆ కాలువకు నీరెక్కదు. అట్టి యేట "మా నీరు పోవుచున్నది" అని ఈవలి గట్టువారు గొణుగుట ధర్మకర్త లక్షణము కాదు. మడిలో అవసరమునకు మించి నిలిపిన నీరు, అర్ధరాత్రి తూము పలక నెత్తి తీసికొన్న నీరు, కొస రైతు కంటనుండి తీసినదే యని గుర్తుంచుకొనవలెను.

రాణీ మంగమ్మ సాలలు వేయించినప్పుడు, సత్రములు కట్టించినప్పుడు, నడచువాడు ఏ భాష మాటలాడునని అడుగలేదు. మూడు వందల ఏండ్లు గడచినను ఈ దేశపువారు ఆమె పేరు తలచుట కదియే కారణము. మన సంఘములు ఏటేట చదువులకు ఇచ్చు సహాయములో మెట్ట గ్రామముల పిల్లలకు, అందును ఆడపిల్లలకు, తెలుగని తమిళమని చూడక ఒక పాలు కేటాయించుట, పెండ్లిండ్లలో కట్నమును ప్రదర్శనకు పెట్టకుండుట, ఈ రెండును ధనవ్యయము తక్కువ, ధర్మఫలము ఎక్కువ గల పనులు. ఎకరము భూమి లేనివాడును రెండవ పనిని నేడే మొదలుపెట్టవచ్చును.