గుండె కుదుటపడింది, మరి మనసు?



బైపాస్ ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారిని చూడబోతే మనం అడిగేది ఒక్కటే: "నొప్పి తగ్గిందా?" తగ్గిందనగానే "అంతా దేవుని దయ" అని లేచి వస్తాం. ఆ మనిషి చెప్పలేక మింగిన మాట మరొకటి ఉంటుంది. ఊరకే ఏడుపు వస్తుంది. చదివింది గుర్తుండదు. ఏళ్ల తరబడి జపమాల నడిపించిన పెద్దాయన ఒకరు ఆపరేషన్ తర్వాత గుడికి రావడం మానుకున్నారు. "ఎన్నో పూసలో ఉన్నానో తెలియడం లేదు ఫాదర్, దేవుడు నన్ను విడిచిపెట్టాడేమో" అన్నారు. ఇంట్లోవాళ్లేమో విశ్వాసం తగ్గిందంటున్నారు!

అది విశ్వాసలోపం కాదు. బైపాస్ చేయించుకున్నవారిని అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యులు పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఆసుపత్రి నుండి ఇంటికి వెళ్లేనాటికి నూటికి 53 మందిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత వంటివి తగ్గాయి. ఆరు నెలలకు ఆ సంఖ్య 24కు దిగింది. ఐదేళ్లకు మళ్లీ 42కు పెరిగింది కాని, ఆ తరుగుదలకు ఆపరేషన్ కంటే రక్తనాళాల జబ్బు, వయసే ఎక్కువ కారణమని తర్వాతి పరిశోధనలు సూచించాయి. కాబట్టి ఇది విని ఆపరేషన్ మానుకోకండి. దిగులు సంగతి వేరు, దానికి చికిత్స ఉంది. గుండె రోగులందరినీ దిగులు విషయమై కూడా పరీక్షించాలని అమెరికా హృద్రోగ సంఘం 2008లోనే సలహా ఇచ్చింది.

మన అక్వినాసు తోమాసు వారు కూడా ఆత్మ దేహంతో కలిసే ఆలోచిస్తుందనీ, దేహాంగం దెబ్బతింటే ఆలోచన కుంటుపడుతుందనీ బోధించారు. దుఃఖానికి మందులు చెబుతూ ఆ మహా పండితుడు కన్నీళ్లు, స్నేహితుల సానుభూతితోపాటు నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. ప్రసంగాన్ని చేర్చలేదు!

కర్మెలు కొండపై అగ్నిని చూసిన ఏలీయా ప్రవక్తే మరునాళ్లలో ఎడారి చెట్టుకింద కూలబడి చావు కోరుకున్నాడు. దేవదూత ఆయనను మందలించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రయాణం మాట రెండోసారి లేపినప్పుడే ఎత్తాడు.

మీ ఇంట అటువంటివారుంటే పక్కన కూర్చుని పూసలు మీరు లెక్కపెట్టండి, ఆయన "ఆమెన్" అంటే చాలు. దిగులు రెండు వారాలు దాటినా వీడకపోతే డాక్టరుగారికి దాచకుండా చెప్పండి. చచ్చిపోతే బాగుండునన్న మాట వస్తే ఆ రోజే తీసుకువెళ్లండి. గుడికి రాలేకపోతే మీ విచారణ గురువులకు కబురు పెట్టండి, దివ్యసత్ప్రసాదం ఇంటికే తెస్తారు.