ఊపిరి నిమ్మళిస్తే మనస్సాక్షి నిమ్మళించినట్లేనా?

ఆరోగ్యవంతుని గుండె గడియారంలా కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఊపిరి పీల్చినప్పుడు అది కొంచెం త్వరపడుతుంది, విడిచినప్పుడు నెమ్మదిస్తుంది. మెదడు నుంచి గుండెకు దిగే వేగస్ నరానికి ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఒక స్పందనకూ మరో స్పందనకూ నడుమ వ్యవధిలో కలిగే ఈ హెచ్చుతగ్గులనే వైద్యులు హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. బయోఫీడ్‌బ్యాక్ పద్ధతిలో చెవి తమ్మెకో వేలికో చిన్న పరికరం తగిలించి, వాటిని తెరమీద గీతగా చూపిస్తారు. ఆ గీతను చూస్తూ నిమిషానికి సుమారు ఆరుసార్లు ఊపిరి తీస్తే, అది పెద్ద అలలుగా లేస్తుంది.

2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వెలువడింది. ఇటలీ వైద్యుడు లూచానో బెర్నార్డీ, ఆయన సహచరులు 23 మంది ఆరోగ్యవంతుల చేత లతీనులో మంగళవార్త జపం చెప్పించారు. ఊపిరి దానంతటదే నిమిషానికి ఇంచుమించు ఆరుకు దిగింది. గుండె లయ, రక్తపోటు లయ కలిసి నడిచాయి. టిబెట్టు బౌద్ధుల మంత్రం జపించినప్పుడూ అంతే జరిగింది! జపమాల మహిమను సైన్సు రుజువు చేసిందని సంబరపడేవారు ఈ రెండో సంగతి సాధారణంగా చెప్పరు.

పరిశోధకులకు ఇక్కడే ఒక చిక్కు. అలలు పెరిగితే మందు పనిచేసినట్లా, మనసు కుదుటపడినట్లా, లేక ఊపిరి నెమ్మదించినట్లా? అందుకే జాగ్రత్తపరులు ఊపిరిని కూడా కొలుస్తారు, లేదా అందరిచేత ఒకే వేగంతో తీయిస్తారు. కాని చెప్పి తీయించిన ఊపిరి ఆ మనిషి సహజస్థితి కాదు కదా!

మన ఇళ్లలోనూ ఇదే చిక్కు ఉంది. తమ్ముడి చేలోకి గట్టు జరిపిన అన్న ఒకడున్నాడనుకోండి. రాత్రి నిద్రపట్టదు. పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీస్తే గుండె దడ తగ్గి కన్ను మూతపడుతుంది. ఇది తప్పా? తప్పు కాదనే నా అభిప్రాయం. 13వ శతాబ్దంలో పునీత తోమా అక్వీనాసు దుఃఖానికి మందులు చెబుతూ కన్నీళ్లతో, స్నేహితులతో పాటు నిద్రనూ స్నానాన్నీ చేర్చాడు. పరీక్షలంటే వణికే బిడ్డ, భర్తను పోగొట్టుకొని నిద్రకు దూరమైన తల్లి ఈ సాధన నిస్సంకోచంగా చేయవచ్చు. వారి అలజడిలో దోషమేమీ లేదు.

ఆ అన్న అలజడి మాత్రం అతని మనస్సాక్షి పిలుపు. తెరమీద ముగ్గురికీ ఒకే అల లేస్తుంది. పరికరానికి తేడా తెలియదు. క్రైస్తవ ధ్యానం గురించి 1989లో కార్డినల్ రాట్జింగర్ సంతకంతో వాటికన్ పంపిన లేఖ, దేహసాధన వల్ల కలిగే ప్రశాంతతను పవిత్రాత్మ ఇచ్చే ఓదార్పుగా పొరబడవద్దని హెచ్చరించింది కూడా ఇందుకే.

అయితే ఆ అన్నకు అదే సాధన మరో పనికి వస్తుంది. తెల్లవారి తమ్ముడి గుమ్మం ముందు నిలబడి, గొంతు వణకకుండా, "కొలతలు వేయిద్దాం రా" అని పిలవడానికి.