మధ్యలో అడిగిన ప్రశ్న



మార్కు సువార్త 8వ అధ్యాయంలో బెత్సయిదా గ్రుడ్డివాని వృత్తాంతం ఉంది. తక్కిన ముగ్గురు సువార్తికులు దీనిని వ్రాయలేదు. నాలుగైదు వచనాలలో ముగిసిపోయే చిన్న సంఘటన. పూజలో చదివినప్పుడు కూడా మనం దానిని ఇట్టే దాటిపోతాం. కాని అందులో ఒక వింత ఉంది. ప్రభువు ఆ మనిషి చేయి పట్టుకొని ఊరి వెలుపలకు నడిపించుకుపోయాడు. కన్నులపై ఉమ్మి, చేతులుంచాడు. పని పూర్తికాక మునుపే, మధ్యలో ఆగి, ఏమైనా కనబడుతున్నదేమో అని ఆ మనిషినే అడిగాడు. అతడు ఉన్నదున్నట్లు చెప్పాడు. మనుషులు అగపడుతున్నారుగాని నడిచే చెట్లవలె ఉన్నారని. ప్రభువు నొచ్చుకోలేదు. నీ విశ్వాసం చాలలేదని నెపం అతని మీదకు నెట్టలేదు. మరల చేతులుంచాడు. అప్పుడు చూపు తేటపడింది.

ఆ మధ్యలో అడిగిన ప్రశ్న గురించే ఈ వారం వ్రాయదలచాను. కారణం చెబుతాను.

ఆదివారం పూజ ముగిసి వస్త్రాలు మార్చుకొనే వేళకు, ఈమధ్య తరచుగా, చిన్న బిడ్డను చంకన వేసుకొని తల్లిదండ్రులు వస్తున్నారు. తార్నాక, లాలాపేట, హబ్సిగూడ వారు, ఉస్మానియా విశ్వవిద్యాలయం క్వార్టర్సులో ఉండేవారు. "ఫాదర్ గారూ, బాబుకు మూడేళ్ళు నిండవస్తున్నాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఒక్క మాట లేదు. బొమ్మ కారు ఇస్తే నడపడు, బోర్లించి చక్రం తిప్పుకుంటూ కూర్చుంటాడు." ఇదీ వరుస. మునుపు ఇలాంటి మాటకు జవాబుగా ఆశీర్వాదం అడిగేవారు. ఇప్పుడు ఆశీర్వాదంతోపాటు ఇంకొకటి కూడా అడుగుతున్నారు. "ఏ థెరపీ సెంటరులో చేర్పించమంటారు?"

ఆశీర్వాదం సులభం. రెండో ప్రశ్న అంత సులభం కాదు. తార్నాక చౌరస్తాలో నిలబడి చూస్తే బోర్డులకు లోటు లేదు. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, బిహేవియర్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్. అన్నీ ఒకే రేకు మీద, పక్కన నవ్వుతున్న బిడ్డ బొమ్మ. వాటిలో శ్రద్ధగా, నిజాయితీగా పనిచేసేవారు ఉన్నారు. బిడ్డ పట్ల తల్లిదండ్రుల భయాన్ని పెట్టుబడిగా పెట్టుకొన్నవారూ ఉన్నారు. బోర్డు చూసి ఎవరెవరో చెప్పలేం.

మా విచారణలో ఒక కుటుంబం సంగతి చెబుతాను, పేర్లు అనవసరం. భర్త విశ్వవిద్యాలయంలో ఒక కార్యాలయంలో కాంట్రాక్టు గుమస్తా. భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రెండున్నరేళ్ళ బాబు. వీరు వెళ్ళిన ఒకచోట బిడ్డను పది నిమిషాలు చూసి, ఆరు నెలల్లో అందరి పిల్లలలాగా చేసి చూపిస్తాం, ఏడాది ఫీజు ముందే కట్టండి అన్నారట. తల్లి లోపలికి రాకూడదు, తలుపు వేస్తాం, తల్లి ఉంటే బిడ్డ మారాం చేస్తాడు అని కూడా చెప్పారు. ఆ తండ్రి నా దగ్గరకు వచ్చింది సలహాకు కాదు, భార్య గాజులు తాకట్టు పెట్టడానికి సరైన చోటు ఎవరైనా తెలుసునేమో అడగడానికి.

గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క వేసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగాడు. మనం దానిని శిష్యరికం గురించి మాత్రమే చదువుతాం. ఆ ఉపమానంలో ప్రభువు ముందుగా ఎంచుకొన్నది మామూలు ఇంటిలెక్క అని మరచిపోతాం.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో పునీత తోమాసు అక్వీనాసు వివేకం గురించి వ్రాసినది మాకు కంఠతా పట్టించారు. వివేకానికి ఆయన మూడు పనులు చెప్పాడు. విచారించడం, తీర్పు చేసుకోవడం, ఆ తీర్పును ఆచరణలో పెట్టడం. మూడింటిలో ముఖ్యమైనది మూడవదే అన్నాడు. చిన్న బిడ్డల విషయంలో మన కుటుంబాలు రెండు విధాలుగా తడబడుతున్నాయి. కొందరు విచారణ దగ్గరే ఆగిపోతారు. మగపిల్లలకు మాటలు ఆలస్యం, వాళ్ళ నాన్న కూడా నాలుగో ఏట మాట్లాడాడు అని నాయనమ్మ అంటుంది. ఏడాది గడిచిపోతుంది. ఇంకొందరు విచారణ లేకుండానే గాజులు తాకట్టు పెడతారు. రెండవవారి తొందరకు మొదటివారి ఆలస్యమే చాలాసార్లు కారణం.

ఆలస్యం ఎప్పుడు ఆలస్యమో తెలుసుకోవడానికి వైద్యులు వాడే గుర్తులు కష్టమైనవి కావు. ఏడాది నిండేసరికి బిడ్డ వేలు పెట్టి చూపాలి, చేతితో టాటా చెప్పడంలాంటివి చేయాలి. పదహారు నెలలకు ఒక్క మాటైనా రావాలి. రెండేళ్ళకు రెండు మాటలు కలిపి తనంతట తాను పలకాలి. వచ్చిన మాటలు పోతే, ఏ వయసులోనైనా సరే, వెంటనే చూపించాలి. ఇవి రోగనిర్ణయం కాదు, తలుపు తట్టవలసిన వేళ. నాయనమ్మగారి మాట నిజమే కావచ్చు. చూపించినందువల్ల నష్టమేమీ లేదు గదా.

తట్టవలసిన మొదటి తలుపు థెరపీ సెంటరుది కాదు. మాట రాని బిడ్డకు ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి వినబడని బిడ్డకు నెలల తరబడి ప్రవర్తన నేర్పడం ఎంత అన్యాయమో ఊహించండి. మన అదృష్టం ఏమిటంటే, సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో ఈ రెండు పనులకూ ప్రభుత్వ సంస్థలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం. రెండవది 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థగా మొదలై, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అనే పేరుతో నడుస్తున్నది. ఆటిజంను కొలవడానికి మన దేశపు కొలబద్ద ఐ.ఎస్.ఎ.ఎ. తయారైంది ఆ సంస్థలోనే. ఆరేళ్ళలోపు పిల్లలకోసం 2021లో అక్కడ శీఘ్ర చికిత్సా కేంద్రం కూడా తెరిచారు. నెల్లూరులోనూ అలాంటిది అప్పుడే తెరిచారు, ఆ ప్రాంత పాఠకులు గమనించాలి. ఇంటి ప్రక్కనున్న సెంటరుకు పోవద్దని కాదు. బిడ్డకు ఏమి కావాలో చెప్పే చోటు, దానిని అమ్మే చోటు వేరువేరుగా ఉంటే మంచిదని నా అభిప్రాయం.

ఇక సెంటరు ఎంపిక. విశ్వవిద్యాలయం గేటు లోపల ఒక మంచి ఆచారం ఉంది. ఎంత గొప్ప సిద్ధాంత గ్రంథం వ్రాసినా వైవాలో కూర్చొని ప్రశ్నలకు జవాబు చెప్పనిదే పట్టా ఇవ్వరు. ఆ గేటు దాటి తార్నాకలో సెంటరు మెట్లెక్కేసరికి, అలాంటి వైవాలు నడిపే ఆచార్యులు కూడా నోరు మెదపరు! భయం అలాంటిది. వైవా అక్కడే మొదలుపెట్టాలి.

నా బిడ్డతో పనిచేసేది ఎవరు, వారి అర్హత ఏమిటి అని అడగాలి. 1992నాటి చట్టం ప్రకారం స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు, క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. ఆ నమోదు నెంబరు అడగడం మర్యాద తప్పడం కాదు. (ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఆ పట్టికలో ఉండరు, వారికి 2021లో వేరే చట్టం వచ్చింది.) గోడమీద పెద్ద డాక్టరుగారి పట్టా ఉండి, గదిలో బిడ్డతో ఉండేది నిన్ననే చేరిన అమ్మాయి అయితే, ఆమెకు ఎవరు నేర్పుతున్నారు, ఎవరు గమనిస్తున్నారు అని అడగాలి. వచ్చే మూడు నెలల్లో ఏమి నేర్పుతారో కాగితం మీద వ్రాసివ్వమనాలి. "మాట వస్తుంది" అంటే చాలదు. దాహం వేస్తే గ్లాసు వైపు చూపడం, చొక్కా వేసుకోవడానికి చేయి చాచడం, ఇలా కళ్ళతో చూసి లెక్కపెట్టగలిగినవి కావాలి. మూడు నెలలు కాగానే ఆ కాగితం తీసి, ఏది వచ్చింది, ఏది రాలేదు, రానిదానికి పద్ధతి ఎలా మారుస్తారు అని అడగాలి. బెత్సయిదాలో ప్రభువే అడిగాడు. అడిగించుకోవడానికి నొచ్చుకొనేవారు ఆయనకంటే గొప్పవారా?

ఆరు నెలల్లో అందరిలాగా చేస్తాం అనే మాట గురించి కూడా చెప్పాలి. ప్రవర్తనా చికిత్సకు ప్రపంచమంతటా పేరు తెచ్చినది 1987లో అమెరికాలో లోవాస్ ప్రకటించిన అధ్యయనం. నాలుగేళ్ళ లోపే మొదలుపెట్టి, వారానికి నలభై గంటల చొప్పున, రెండేళ్ళు, ఆపైన నేర్పారు. పందొమ్మిదిమందిలో తొమ్మిదిమంది మామూలు బడిలో మామూలుగా చదవగలిగారని ఆయన వ్రాశాడు. ఆ లెక్కమీద కూడా తరువాతి పండితులు ఎన్నో అభ్యంతరాలు చెప్పారు. అంత ఆశ కలిగించిన లెక్కే పందొమ్మిదికి తొమ్మిదైతే, వారానికి మూడు గంటలు చూసేవారు అందరికీ మాట ఎలా ఇస్తారు? ఆ తొలి రోజుల్లో అక్కడ పిల్లలను దండించి కూడా నేర్పారు. ఇప్పుడు మంచివారు ఆటలోనే, బిడ్డకు ఇష్టమైనదాని చుట్టూనే నేర్పుతున్నారు. బిడ్డ ఏడుస్తుండగా తలుపు వేసే చోటు నుండి, కారణం అడగకుండానే, లేచి రండి.

తల్లిని బయట కూర్చోబెట్టే పద్ధతి నాకు అసలు అర్థం కాదు. బిడ్డ సెంటరులో ఉండేది వారానికి రెండు మూడు గంటలు, తల్లి ఒడిలో ఉండేది మిగతా కాలమంతా. తల్లిదండ్రులకే నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక శిక్షణనే తయారుచేసి 2022లో ప్రచురించింది. తొమ్మిది సామూహిక తరగతులు, మూడుసార్లు ఇంటికి రావడం. అన్నం పెట్టేటప్పుడు, స్నానం చేయించేటప్పుడు, ఆడించేటప్పుడు ఎలా మాట కలపాలో అందులో నేర్పుతారు. ఈ వారం ఇంట్లో మేమేమి చేయాలి అని అడిగితే జవాబు చెప్పలేని సెంటరు సగం పని మానేసినట్టే.

స్టెమ్ సెల్ ఇంజక్షన్ల పేరిట లక్షలు అడిగేవారున్నారు. ఆటిజంకు ఆ చికిత్స చేయరాదని 2022లో జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. ఇంతకంటే దాని గురించి వ్రాయనక్కరలేదు.

కాని ఒక భారం గురించి ఆగి చెప్పాలి. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి, పాపం ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. (యోహాను 9వ అధ్యాయం.) పండితులు కూడా శిష్యుల ప్రశ్నే అడిగారు. తల్లి ప్రేమలో చల్లదనం వల్ల ఆటిజం వస్తుందని బెటెల్‌హైమ్ 1967లో ఒక పుస్తకమే వ్రాశాడు. ఎందరో తల్లులు ఆ నిందను మోశారు. అది తప్పని అంతకు మూడేళ్ళ ముందే వాదించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ స్వయంగా ఆటిజం ఉన్న కుమారుని తండ్రి. మన ఇళ్ళలో ఆ నింద ఇంకా పోలేదు. గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూశావు, ఫోను చూపించి పాడుచేశావు, మొక్కు తీర్చలేదు అంటూ కోడలి మీదనే పడుతుంది. అలా కుంగిన తల్లి సెంటరులో ప్రశ్న అడగలేదు. తానే ముద్దాయినని అనుకొనేది ఇతరులను ఏమి విచారిస్తుంది? అత్తమామలారా, మీ మనుమనికి మీరు చేయగల మొదటి చికిత్స ఆమెను ఆ మాటలు అనకపోవడం.

మొక్కుల విషయం. గుణదల మాత తిరునాళ్ళకు బిడ్డను తీసుకువెళ్ళండి, తలనీలాలు ఇవ్వండి, నేను కాదనను. వైద్యుని గౌరవించమనీ, అతని నేర్పు దేవుడిచ్చినదేననీ సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం చెబుతున్నది. అదే చోట ప్రార్థన చేయమనీ ఉంది. ఒకటి చేసి రెండవది మానమని లేదు. స్వస్థత కూటంలో ఎవరో చెప్పారని థెరపీ మానిపించినవారిని చూశాను. ఆ సలహా ఇచ్చినవారు సీరాను చదవలేదు.

డబ్బు విషయంలో రెండు సంగతులు తెలియాలి. వైకల్య ధ్రువపత్రం ఉన్న ఆటిజం పిల్లలకు నేషనల్ ట్రస్టువారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత ఇస్తారు. ధ్రువపత్రం తీసుకుంటే బిడ్డకు ముద్ర పడుతుందని జంకవద్దు. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు పెట్టి చేర్చారు.

ఆ గుమస్తాగారి కుటుంబం గాజులు తాకట్టు పెట్టలేదు. మనోవికాస్ నగర్‌లో పరీక్షలయ్యాయి. చెవి బాగుంది, ఆటిజం ఉందన్నారు. ఆ రాత్రి వారింట్లో పొయ్యి వెలగలేదు. తరువాత ఇంటికి నడక దూరంలో, తల్లిని లోపల కూర్చోనిచ్చే చిన్న సెంటరు ఎంచుకున్నారు, వారానికి రెండు రోజులు. జాకెట్ల కొలతలు వ్రాసుకొనే నోటుపుస్తకంలోనే ఆమె వెనుక పేజీల నుండి బిడ్డ లెక్క వ్రాస్తుంది. ఎనిమిది నెలలకు "నీ" అనే మాట వచ్చింది, నీళ్ళకు. మరి రెండు నెలలు కొత్త మాట లేదు. వారు అడిగారు, పద్ధతి మార్చారు, ఇప్పుడు బొమ్మలు చూపి అడగడం నేర్చుకుంటున్నాడు. నడిచే చెట్లు కనబడే దశ. పూజలో మాత్రం బిగ్గరగా అరుస్తాడు. ముందు వరుసలవారు వెనక్కి తిరిగి చూడడం మానితే ఆ తల్లి చివరి దివ్యసత్ప్రసాదం దాకా ఉండగలుగుతుంది. 2014 నవంబరులో ఫ్రాన్సిస్ పాపుగారు ఆటిజం ఉన్నవారి కుటుంబాలను రోములో కలుసుకొని, వారి ఒంటరితనాన్ని మనమందరం కలిసి పోగొట్టాలని కోరారు. మన గుడిలో అది ఆ వరుసల్లోనే మొదలుకావాలి.

వచ్చే జూన్‌లో ఆమె అదే నోటుపుస్తకం పట్టుకొని మన పాఠశాలల్లో ఒకదాని ఆఫీసు ముందు నిలబడబోతున్నది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి వైకల్యం కారణంగా బిడ్డను కాదనకూడదని అదే 2016 చట్టం చెబుతున్నది. ప్రధానోపాధ్యాయినులైన సిస్టర్లను నేను కోరేది, సీట్లు లేవని చెప్పే ముందు ఆ పుస్తకాన్ని వెనుక పేజీల నుండి తెరిచి చదవమని.